భద్రత కోసం ఏఆర్ సాఫ్ట్‌వేర్ ఎంపిక: మా ప్రాజెక్టు డైరీ

ముందు ప్రమాదం, తర్వాతే పరికరం

ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) అంటే కళ్లముందున్న నిజమైన దృశ్యం మీదే, తెరలోనో కళ్లజోడులోనో, సూచనలు అతికించి చూపే పరిజ్ఞానం. దాన్ని వాడి ప్లాంటులో భద్రత పెంచాలని మా బృందానికి పని అప్పజెప్పారు. ఏ ప్రమాదాన్ని తగ్గించాలన్నది మాత్రం మమ్మల్నే తేల్చమన్నారు. అందుకే డెమోలన్నీ వాయిదా వేసి, నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదాల) రిజిస్టరూ, పాత వర్క్ పర్మిట్లూ (పనికి ఇచ్చిన రాతపూర్వక అనుమతులూ) ముందేసుకుని కూర్చున్నాం.

ప్రమాదాల్ని అదుపు చేసే పద్ధతులకు ఒక వరస ఉంది. మొదట ప్రమాదాన్నే తీసేయడం. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్నదాన్ని దాని స్థానంలో పెట్టడం. తర్వాత గార్డులూ, తలుపు తెరిస్తే యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాకులూ లాంటి ఇంజినీరింగ్ ఏర్పాట్లు. నాలుగో మెట్టు మీద పని విధానాలు, శిక్షణ, హెచ్చరికలు. అట్టడుగున ఒంటి మీద వేసుకునే రక్షణ సామగ్రి. కిందికి దిగేకొద్దీ బలం తగ్గుతుంది. ఏఆర్ ఎంత అందంగా కనిపించినా నాలుగో మెట్టు దాటి పైకి పోదు. అది మనిషికి చెబుతుందే గాని యంత్రాన్ని ఆపదు.

ఇది మనసులో పెట్టుకుని జాబితా చూస్తే సగం పైగా దానంతటదే కొట్టుకుపోయింది. కన్వేయర్ పక్కన గార్డు లేని చోట గార్డే కావాలి. ఫోర్క్‌లిఫ్టులూ మనుషులూ ఒకే దారిలో తిరిగే చోట రెండు దార్లు చేసి మధ్యలో రెయిలింగు కట్టాలి. ఆ పనులకు డబ్బు వేరే పద్దు కింద అడిగాం. ఏఆర్ తెచ్చాం కదా అని వాటిని పక్కన పెట్టడానికి వీల్లేదని నివేదిక మొదటి పేజీలోనే రాశాం. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా భయం అక్కడే. తెర మీద ఎర్ర గీత గీయడం తేలిక, రెయిలింగు కట్టడం కష్టం. తేలికైనది చేసేసి కష్టమైనది అయిపోయిందనుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

చివరికి మిగిలింది లాకౌట్-ట్యాగౌట్. మరమ్మతుకు ముందు యంత్రానికి వచ్చే శక్తినంతా ఆపి, ఆపిన చోట తాళం వేసి, పేరున్న ట్యాగు కట్టే పని. మా మిక్సింగ్ ట్యాంకునే తీసుకోండి. దానికి కరెంటు ఒక ప్యానెల్ నుంచి, ఆవిరి ఒక లైను నుంచి, కంప్రెస్డ్ ఎయిర్ ఇంకో లైను నుంచి వస్తాయి. పైన ఎత్తిపెట్టిన మూత బరువు కూడా శక్తే, దానికీ ఆధారం పెట్టాలి. వీటిలో ఒక్కటి మరిచిపోయినా, పక్క ట్యాంకు వాల్వుకు తాళం వేసినా లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 1989లో తెచ్చిన 1910.147 నిబంధన ఇలాంటి యంత్రాలకు రాతపూర్వక విధానం ఉండాలనీ, దాన్ని ఏడాదికి ఒకసారైనా తనిఖీ చేయాలనీ చెబుతుంది. మా దగ్గరా కాగితం ఉంది. అందులో వాల్వు నంబరు ఉంటుంది, ఆ వాల్వు ఎక్కడుందో పాతవాళ్లకే తెలుసు. ఆ ఖాళీని ఏఆర్ పూడ్చగలదా అన్నదే మా ప్రశ్న అయింది.

ఏది ఏఆర్, ఏది కాదు

అమ్మేవాళ్లందరూ ఒకే పేరు వాడుతున్నారు గాని చూపించే సరుకు ఒకటి కాదు. పరిశోధకుడు రోనాల్డ్ అజుమా 1997లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ పనికొస్తోంది: నిజమైనదీ కల్పించినదీ కలిసి కనిపించాలి, అప్పటికప్పుడు స్పందించాలి, కల్పించినది మూడు కొలతల్లోనూ నిజమైన చోటికి అతుక్కుని ఉండాలి. హెల్మెట్‌కు తగిలించిన చిన్న తెర మీద పీడీఎఫ్ చూపిస్తే అది మంచి పనిముట్టే కావచ్చు, కానీ మూడో లక్షణం దానికి లేదు. మా ఖాళీ 'ఎక్కడ' అన్న దగ్గర ఉంది కాబట్టి మాకు కావాల్సింది సరిగ్గా ఆ మూడోదే.

అసలు ఏఆర్ అన్న పేరు పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. 1990ల మొదట్లో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ విమానాల వైర్లను అమర్చే కార్మికులకు ఏ వైరు ఎక్కడికి పోవాలో కళ్లముందే చూపించాలనుకున్నారు. 1992 నాటి వాళ్ల వ్యాసం నుంచే ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

మార్కెట్లో ఉన్నవాటిని మూడు గుంపులు చేశాం. ఒకటి, అడుగడుగునా సూచనలు చూపేవి. రెండు, దూరంగా ఉన్న నిపుణుడు మన కెమెరాలోంచి చూస్తూ గీతలు గీసి చెప్పేవి. మూడు, ప్రమాదకర స్థలంలోకి అడుగుపెడితే హెచ్చరించేవి. మూడోదాన్ని వెంటనే తీసేశాం. మనిషి దగ్గరికొస్తే స్పందించాల్సిన ఏర్పాటుకు యంత్రాల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 13849-1 లాంటి ప్రమాణాల ప్రకారం ఎంత నమ్మదగినదో లెక్క ఉంటుంది. మనిషి అడ్డొస్తే కాంతి కిరణాలతో పసిగట్టి యంత్రాన్ని ఆపే లైట్ కర్టెన్, సేఫ్టీ స్కానర్ ఆ లెక్కకు నిలుస్తాయి. బ్యాటరీ అయిపోతే ఆరిపోయే ట్యాబ్లెట్‌లోని యాప్ నిలవదు. రెండో గుంపు బ్రేక్‌డౌన్ల వేళ బాగా ఉపయోగపడుతుంది, దాని అవసరం వేరు. మేం మొదటి గుంపు దగ్గర ఆగాం.

కళ్లజోళ్లు పోతాయి, విధానాలు ఉండాలి

ఏ కళ్లజోడు కొందాం అని అందరూ అడుగుతున్నారు. నేను ఆ మాట చివరికి పెట్టమన్నాను. గత కొన్నేళ్ల చరిత్ర చూస్తే కారణం తెలుస్తుంది. కంపెనీల కోసం తెచ్చిన గూగుల్ గ్లాస్ అమ్మకాలు 2023 మార్చిలో ఆగిపోయాయి. తన ఏఆర్ కళ్లజోడు హోలోలెన్స్ 2 తయారీ ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2024లో చెప్పింది, భద్రతా అప్‌డేట్లు 2027 చివరి వరకే. మరో ఏఆర్ కళ్లజోడు మ్యాజిక్ లీప్ 1కి ఆధారమైన క్లౌడ్ సేవలు 2024 డిసెంబరు 31తో ఆగిపోయాయి.

పరికరం ఒక్కటే పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మైక్రోసాఫ్ట్ వారి అజూర్ స్పేషియల్ యాంకర్స్. ఏ సూచన ఏ స్థానానికి అతుక్కోవాలో క్లౌడ్‌లో గుర్తుపెట్టే సేవ అది. 2024 నవంబరులో మూసేశారు. అలాంటి సేవ మీద ఆధారపడి వందల స్థానాలు గుర్తుపెట్టుకున్నవాళ్లు అవన్నీ వేరే పద్ధతిలోకి మార్చుకోవాల్సిందే. మా దగ్గర ఒక వాల్వు దగ్గర గుర్తు పెట్టడమంటే ఎవరో ఒకరు అక్కడిదాకా నడిచి, నిచ్చెనెక్కి, సరిచూసి పెట్టడం. ఆ శ్రమ మాది, కాబట్టి ఆ సమాచారమూ మా చేతిలోనే ఉండాలి.

దీంతో అర్హత షరతుల్లో కొన్ని ఖరారయ్యాయి. ఒకే కంటెంటు ట్యాబ్లెట్ మీదా కళ్లజోడు మీదా నడవాలి. కళ్లజోడుకైతే, ఒకే సాఫ్ట్‌వేర్ వేర్వేరు కంపెనీల కళ్లజోళ్ల మీద నడిచేలా 2019లో వచ్చిన ఓపెన్‌ఎక్స్ఆర్ ప్రమాణానికి మద్దతు ఉండాలి. స్థానాలూ సూచనలూ ఫొటోలూ మామూలు ఫైళ్లుగా బయటికి తీసుకునే వీలుండాలి. చివరి షరతు విని ఒక విక్రేత డెమో తేదీయే ఇవ్వలేదు.

ఎక్కడ అసలు తేకూడదు

సాల్వెంట్ వాడే విభాగం గురించి ఎక్కువ చర్చ అక్కర్లేకపోయింది. మండే ఆవిరి ఉండే చోట్లను, అది ఎంత తరచుగా ఉంటుందన్నదాన్ని బట్టి, జోన్ 0, 1, 2 అని విభజిస్తారు. యూరప్ ఏటెక్స్ నిబంధన గానీ, ఐఈసీఈఎక్స్ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ విధానం గానీ, ఆ జోన్‌కు సర్టిఫికెట్ ఉన్న పరికరమే లోపలికి వెళ్లాలంటాయి. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా అది నడిచే మామూలు ట్యాబ్లెట్ అక్కడ నిప్పురవ్వకు కారణం కావచ్చు. ఆ విభాగాన్ని ఈ ప్రాజెక్టు నుంచి పూర్తిగా తప్పించాం.

మిగతా చోట్ల కూడా ఒక నియమం పెట్టుకున్నాం: నడుస్తూ తెర చూడకూడదు. నిలబడి చూడాలి, దించాలి, నడవాలి. ఏ సాఫ్ట్‌వేర్ అయితే నడిచేటప్పుడు తనంతట తానే సూచనలు దాచేస్తుందో దానికి ఎక్కువ మార్కులు వేశాం.

ఫ్లోర్ మీద పరీక్ష

ఈ భాగం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎంపిక ఇక్కడే తేలింది.

మూడు సాఫ్ట్‌వేర్లు మిగిలాయి. పేర్లు రాయను, అ, ఆ, ఇ అంటాను. కాన్ఫరెన్సు గదిలో మూడూ బ్రహ్మాండంగా పనిచేశాయి. బల్ల మీద పెట్టిన నమూనా పంపు చుట్టూ ఎటు తిరిగినా బాణం కదలకుండా నిలబడింది. పంప్‌హౌస్‌లోకి తీసుకెళ్లాక తేడాలు బయటపడ్డాయి.

ఏఆర్ తన చోటు ఎలా తెలుసుకుంటుందో చెప్పుకుంటే ఇది అర్థమవుతుంది. కెమెరా చుట్టూ ఉన్న మూలలు, మచ్చలు, అంచులు లాంటి గుర్తులు పట్టుకుంటుంది. పరికరంలోని సెన్సర్లు కదలికను కొలుస్తాయి. రెండూ కలిపి 'నేనిప్పుడు ఇక్కడున్నాను' అని లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కలో కొద్ది కొద్దిగా తప్పు పోగవుతుంది. అందుకే మధ్యమధ్య క్యూఆర్ గుర్తునో తెలిసిన ఆకారాన్నో చూసి సరిచేసుకుంటుంది. మెరిసే స్టీలు పైపు మీద వెలుగు మన అడుగుతో పాటే జరుగుతుంది కాబట్టి దాన్ని గుర్తుగా పట్టుకుంటే లెక్క తప్పుతుంది. ఆవిరి కమ్మినా, దీపాలు మసకగా ఉన్నా గుర్తులే దొరకవు. అన్నిటికంటే ప్రమాదకరమైనది వేరే ఉంది. మా పంపులు జంటలుగా ఉంటాయి, ఒకటి నడుస్తుంటే ఇంకొకటి స్టాండ్‌బై. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగు, ఒకే వరసలో పైపులు. కెమెరాకు రెండూ ఒకటే.

సరిగ్గా నడిచేటప్పుడు ఎలా ఉందో చూసి ఊరుకోకుండా, కావాలనే చెడగొట్టాం. క్యూఆర్ గుర్తు మీద గుడ్డ కప్పాం. డ్రమ్ముల ప్యాలెట్ తెచ్చి ముందు పెట్టాం. లైట్లు సగం ఆర్పాం. ఒక పంపు దగ్గర మొదలుపెట్టి, ట్యాబ్లెట్ దించుకుని నడిచి, జంట పంపు దగ్గర పైకెత్తాం.

అ అనేది జంట పంపు మీద బాణం చూపించింది. స్థిరంగా, స్పష్టంగా, ఆకుపచ్చ రంగులో, నడుస్తున్న పంపు వాల్వు మీద. 'ఆ' అనేది మొదట బాగానే ఉంది, నడిచేకొద్దీ బాణం జానెడు పక్కకు జరిగి పక్క వాల్వు మీదికి చేరింది, ఏ హెచ్చరికా రాలేదు. ఇ అనేది చాలాసార్లు మధ్యలో ఆగిపోయి, బాణం మాయం చేసి, 'స్థానం తెలియడం లేదు, గుర్తు స్కాన్ చేయండి' అని అడిగింది. పక్కన నిలబడి చూసినవాళ్లకు అదే విసుగనిపించింది. ఒకాయన అది వెనకబడిన సాఫ్ట్‌వేర్ అనేశారు కూడా.

నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. దారి తెలియనివాడు తెలియదంటే ఇంకొకర్ని అడుగుతాం. తెలిసినట్టు చెయ్యి చూపిస్తే అటే వెళ్తాం. లాకౌట్ పనిలో తప్పు చోట ఉన్న బాణం, బాణమే లేకపోవడం కన్నా చాలా చెడ్డది. కాగితం పట్టుకున్న ఫిట్టర్ నంబరు ప్లేటు వెతుక్కుంటాడు. బాణం చూసినవాడు నంబరు ప్లేటు చూడటం మానేస్తాడు. ఆ రోజు మార్కుల పట్టిక మార్చాం. బొమ్మల నాణ్యతకు ఉన్న మార్కులు తగ్గించి, 'తనకు తెలియనప్పుడు ఎలా ప్రవర్తిస్తుంది' అన్నదానికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు కేటాయించాం.

మరో నిర్ణయం కూడా అక్కడే జరిగింది. బాణం దారి చూపడానికి మాత్రమే, వాల్వు అదేనని నిర్ధారించేది వాల్వుకు కట్టిన ట్యాగు. ట్యాగు స్కాన్ చేసి, నంబరు కలిస్తేనే తర్వాతి అడుగు తెరుచుకోవాలి. ఇ లో ఈ ఏర్పాటు ముందే ఉంది. 'ఆ' వాళ్లు చేసిస్తామన్నారు. అ లో సాధ్యం కాదన్నారు.

ఫిట్టర్ల మాట

మా దగ్గర ఒక సీనియర్ ఫిట్టర్ ఉన్నారు. కొత్తగా చేరినవాళ్లందరికీ లైన్లు చూపించేది ఆయనే. కళ్లజోడు పెట్టుకుని కాసేపు తిరిగి, తీసి చేతిలో పెట్టారు.

"బాబూ, బాణం బాగానే కనిపిస్తోంది. కాళ్ల దగ్గర డ్రెయిన్ పైపు కనిపించట్లేదు."

"పెద్దాయనా, అడ్డంగా ఏమైనా వచ్చిందా?"

"అడ్డం ఏమీ లేదు. నా చూపే బాణం మీద ఉండిపోతోంది."

ఆయన చెప్పినదాన్ని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. 1999లో సైమన్స్, చాబ్రిస్ చేసిన ప్రయోగంలో బంతి పాసులు లెక్కపెడుతున్నవాళ్లలో దాదాపు సగం మంది మధ్యలోంచి నడిచివెళ్లిన గొరిల్లా వేషాన్ని గమనించలేదు. విమానాల్లో అద్దం మీద సమాచారం చూపే తెరల విషయంలోనూ పైలట్ల దృష్టి ఆ అంకెల మీదే చిక్కుకుపోతుందని అధ్యయనాలున్నాయి. కళ్లముందు ఉన్నంతమాత్రాన కనిపించినట్టు కాదు.

అందుకే పని భారం కొలవడానికి నాసా-టీఎల్ఎక్స్ ప్రశ్నావళి వాడాం. మానసిక శ్రమ, శారీరక శ్రమ, సమయ ఒత్తిడి, పని ఎలా జరిగిందన్న భావన, పడిన ప్రయాస, చికాకు అని 6 అంశాలుంటాయి. మా ఫిట్టర్లలో ఎక్కువమంది కళ్లజోడు కన్నా ట్యాబ్లెట్‌కే మొగ్గారు. ట్యాబ్లెట్ పక్కన పెడితే పక్కనే ఉంటుంది, కళ్లజోడు కళ్ల మీదే ఉంటుంది అన్నారు. పైగా హెల్మెట్, చెవుల రక్షణ, సేఫ్టీ కళ్లద్దాలు అన్నీ ఉన్న తల మీద ఇంకో బరువు. మొదటి దశ ట్యాబ్లెట్ల మీదే నడపాలని తేల్చాం. రెండు చేతులూ కావాల్సిన అడుగుల్లో తెర చూడాల్సిన అవసరమే లేకుండా విధానాన్ని విడగొట్టాం.

శబ్దం ఎక్కువగా ఉన్న చోట మాటతో ఆదేశించే పద్ధతి నిలకడగా పనిచేయలేదు. గ్లవ్స్‌తో నొక్కగలిగేంత పెద్ద బటన్లు కావాలన్నారు. రాసుకున్నాం.

'అయింది' బటన్

తాళం వేశాక అసలైన అడుగు మిగిలే ఉంటుంది: శక్తి నిజంగా లేదని నిర్ధారించుకోవడం. స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. గేజి సున్నా చూపాలి, వెంట్ తెరిచి చూడాలి. కరెంటు విషయంలో టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తర్వాత ఆపిన చోట పరీక్షించి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి అది మధ్యలో చెడిపోలేదని నిర్ధారించుకోవాలి. ఈ పని ఏ ఏఆర్ చేయలేదు. కెమెరాకు వోల్టేజి కనిపించదు.

మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఈ అడుగు చివర 'అయింది' అనే బటన్ ఉంది. వరసగా నొక్కుకుంటూ పోయే అలవాటు వేలికి ఎంత త్వరగా పడుతుందో చూస్తే భయమేసింది. ఆ అడుగు దగ్గర బటన్ తీసేసి, చదివిన విలువను అంకెల్లో వేయాలనీ, రెండో వ్యక్తి తన ట్యాగుతో ధ్రువీకరించాలనీ అడిగాం. 'ఇ', 'ఆ' రెండింట్లో కుదిరింది.

ఎవరు రాస్తారు, ఎవరు మారుస్తారు

ప్లాంటు ఎప్పుడూ ఒకేలా ఉండదు. షట్‌డౌన్‌లో ఒక లైను మారుస్తారు, ఒక వాల్వు రెండడుగులు పక్కకు జరుగుతుంది. ఆ రోజే సూచన మారకపోతే ఏఆర్ చూపేది పాత ప్లాంటు. అందుకని విక్రేతల సాయం లేకుండా ఇద్దరు ఫిట్టర్ల చేత ఒక చిన్న పంపు విధానం రాయించాం. ఇ లో ఫొటో తీసి, చోటు నొక్కి, మాట రాస్తే సరిపోయింది, ఒక షిఫ్టులో పని పూర్తయింది. 'ఆ' లో ముందుగా త్రీడీ మోడల్ కావాలి. అది చేసేవాళ్లు మా దగ్గర లేరు, ప్రతిసారీ బయటివాళ్లను పిలవాలి. అలా పిలవాల్సి వస్తే మార్పులు ఆలస్యమవుతాయి, ఇందులో సందేహం లేదు.

మార్పు చేసినవాళ్లు ఒకరు, ఆమోదించేవాళ్లు ఒకరు ఉండాలి. ఆమోదం పడేవరకు ఆ యంత్రం విధానం తెర మీద తెరుచుకోకూడదు. ఇంజినీరింగ్ మార్పుల ఫారంలో 'ఏఆర్ విధానం సరిచూశారా' అన్న గడి చేర్చాం.

పంప్‌హౌస్‌లో నెట్‌వర్క్ అందదు. ఆఫ్‌లైన్‌లో నడవని 'అ' ఈ ఒక్క కారణం మీదే పడిపోయేది, ఎలాగూ అప్పటికే పడిపోయింది.

కెమెరా గురించి కార్మికుల ప్రతినిధులు సూటిగా అడిగారు: ఎవరు ఎంతసేపు చేశారో దీంతో లెక్క కడతారా? కట్టబోమని రాతపూర్వకంగా ఇచ్చాం. వీడియో దాచడం లేదు. అడుగుకు పట్టిన సమయం వ్యక్తుల పేరుతో నిల్వ కాదు. ఈ హామీ లేకపోతే తప్పు బాణం కనిపించినా ఎవరూ చెప్పరు, అప్పుడు ఈ ప్రాజెక్టుకు అర్థమే ఉండదు.

నిర్ణయం

ఇ ని ఎంచుకున్నాం. బొమ్మల్లో మూడింటిలోకీ సాదా అదే. ఒప్పందంలో మూడు విషయాలు పట్టుబట్టి చేర్పించాం: సమాచారం మొత్తం ఎప్పుడైనా బయటికి తీసుకునే హక్కు, సేవ ఆపేస్తే కనీసం ఏడాది ముందు నోటీసు, స్థానం పోయినప్పుడు సూచన దాచే పద్ధతిని అప్‌డేట్‌లో మాకు చెప్పకుండా మార్చకూడదన్న షరతు.

ఫలితాన్ని ప్రమాదాల సంఖ్యతో కొలవం. లాకౌట్ ప్రమాదాలు అరుదు, కొన్ని నెలల్లో సున్నా ఉన్నంతమాత్రాన ఏమీ రుజువు కాదు. తనిఖీలో తప్పిన అడుగులెన్ని, తప్పు వాల్వు ట్యాగు స్కాన్ అయినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆపిన సందర్భాలెన్ని, ఫిట్టర్లు స్వయంగా రిపోర్టు చేసిన స్థానం తప్పులెన్ని అన్నవి చూస్తాం. చివరి సంఖ్య మొదట్లో పెరగాలనే కోరుకుంటున్నాను, చెప్పుకుంటున్నారంటే గమనిస్తున్నట్టే.

మిక్సింగ్ ట్యాంకు దగ్గర వాడకం మొదలైంది. కాగితం విధానం బోర్డు మీద అలాగే ఉంది, పర్మిట్ దాని మీదే ఇస్తున్నాం. ఏ యంత్రం దగ్గరైనా బాణం తప్పు చోట కనిపిస్తే షిఫ్ట్ ఇన్‌చార్జి ఆ యంత్రం ఏఆర్ విధానాన్ని వెంటనే ఆపేస్తారు, అందుకు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. బాయిలర్ ఫీడ్ పంపుల విధానాన్ని సీనియర్ ఫిట్టర్, ఇద్దరు కుర్రాళ్లు కలిసి రాస్తున్నారు. జంట పంపులకు వేర్వేరు రంగుల పట్టీలు వేయాలని ఆయనే అడిగారు. పెయింటు పని వచ్చే వారం.